ముప్పై ఎనిమిదేళ్లకు అరకు చూసిన మా అత్తయ్య

మావారికి పుణె ట్రాన్స్‌ఫర్ ఖాయమైందని నవంబరు ఆఖర్లో తెలిసింది. సామాన్ల లారీ జనవరి 5న వస్తుంది. చేతిలో ఉన్నవి ఐదు వారాలు. ఆ రాత్రి అన్నాల దగ్గర కూర్చుని, విశాఖ వదిలేలోపు పిల్లలకు ఏమేం చూపించాలో అనుకుంటున్నాం. సబ్‌మెరైన్, సింహాచలంలో చిన్నోడి పుట్టువెంట్రుకలు, అరకు, బొర్రా గుహలు, చివర్లో భీమిలి. అత్తయ్య నా కంచంలో మజ్జిగ పోస్తూ, "అరకులో చలి బాగా ఉంటుందటమ్మా, పిల్లాడికి ఒక్క స్వెట్టర్ సరిపోతుందో లేదో. నేనెప్పుడూ చూడలేదు కదా, నాకు తెలీదు" అన్నారు.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అత్తయ్య పెళ్లయి విశాఖపట్నం వచ్చి ముప్పై ఎనిమిదేళ్లయింది. మామగారు షిప్‌యార్డులో పనిచేసేవారు, ఆవిడ కాపురమంతా మల్కాపురం, గాజువాక వైపే గడిచింది. పొద్దున రైలెక్కితే పదకొండు గంటలకల్లా అరకులో ఉంటాం. ముప్పై ఎనిమిదేళ్లలో ఆ ఒక్క పొద్దు ఆవిడకు దొరకలేదు. మామగారి షిఫ్టులు, ముగ్గురు పిల్లల చదువులు, తర్వాత ఆయన జబ్బు. నా పెళ్లయిన ఏడేళ్లలో నేను మూడుసార్లు వెళ్లాను. రెండుసార్లు స్నేహితులతో, ఒకసారి మావారితో. ఆ మూడుసార్లూ ఇంటికి కాపలా ఉన్నది అత్తయ్యే. వచ్చేటప్పుడు కాఫీపొడి పొట్లం తెచ్చి చేతిలో పెట్టేదాన్ని.

మాతో పాటు ఆవిడా పుణె వచ్చేస్తున్నారు. అందుకే పిల్లల కోసం అనుకున్న ఈ తిరుగుళ్లన్నీ ఆ రాత్రి నుంచి అత్తయ్యవి అయిపోయాయి. అరకులో మేం దిగిన లాడ్జి చేసిన పని నాకు అంత మంట పెట్టడానికి కారణం కూడా అదే. నా ఒక్కదానికే జరిగుంటే మర్చిపోయేదాన్ని.

సబ్‌మెరైన్ ముందు చూసొచ్చాం. సోమవారం సెలవు, మిగతా రోజుల్లో వెళ్లండి. ఈ సబ్‌మెరైన్ పేరు కురుసుర. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా సేవ చేసింది, 2002లో ఆర్కే బీచ్ ఇసుక మీదికి తెచ్చి మ్యూజియం చేశారు. తొంభై మీటర్లు దాటిన పొడవు, కానీ లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కోవాల్సిందే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి ద్వారాల్లోంచి వంగి వెళ్లాలి. తొమ్మిది నెలల పిల్లాణ్ని గుండెకు కట్టుకుని అది నా వల్ల కాలేదు, నేను బయటే ఆగాను. ఐదేళ్ల మా పాప మాత్రం లోపల మంచాలు చూసొచ్చి, "నాన్న కాళ్లు బయటకొచ్చేస్తాయి" అని రెండు రోజులు అదే చెప్పింది. రోడ్డుకు అటువైపు అలాగే మ్యూజియంగా పెట్టిన నౌకాదళం టీయూ-142 విమానంలోకి చిన్నోణ్ని ఎత్తుకుని హాయిగా వెళ్లొచ్చాను. చంటిపిల్లలతో వచ్చేవాళ్లకు సబ్‌మెరైన్ కంటే విమానమే నయం.

సింహాచలం ఒక బుధవారం వెళ్లాం. విజయనగరం నుంచి మా తమ్ముడు వచ్చాడు, మేనమామ ఒళ్లో కూర్చుని చిన్నోడు గుండు చేయించుకున్నాడు. ఏడుస్తాడని అందరం టెన్షన్ పడ్డాం. వాడు తల మీద నీళ్లు పడగానే నవ్వాడు. అప్పన్న స్వామి ఏడాదంతా చందనంలోనే ఉంటాడు, నిజరూపం అక్షయ తృతీయ ఒక్కరోజే. అందుకని అత్తయ్య ప్రతి ఏడూ వైశాఖంలో ఎండలో నిలబడి ఆ దర్శనం చేసుకునేవారు. "వచ్చే చందనోత్సవానికి ఎక్కడుంటామో" అన్నారు గర్భగుడి ముందు, ఎవరితోనో అన్నట్టు. భక్తులు మొక్కుకుంటూ కౌగిలించుకునే కప్పస్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుని చాలాసేపు వదల్లేదు. వెనక లైన్లో వాళ్లు కూడా తొందర పెట్టలేదు. దిగేటప్పుడు దారిలో సంపెంగలు కొన్నాం, రెండు పొట్లాలు 40 రూపాయలు. ఇల్లంతా మర్నాటి దాకా అదే వాసన.

ఇక అరకు.

డిసెంబరు 13, 14 తేదీలు శని, ఆదివారాలు. మొదటి తప్పు అక్కడే జరిగింది. డిసెంబర్లో వారాంతం అరకు వెళ్లొద్దు, ఎవరు చెప్పినా వెళ్లొద్దు. అద్దాల బోగీలో సీట్లు ఎప్పుడో నిండిపోయాయి. టూరిజం వాళ్ల హరిత రిసార్టులో గది దొరకలేదు. మావారికి సెలవులు ఆ రెండు రోజులే కుదిరాయి, ఇంకో దారి లేక బయలుదేరాం.

కిరండూల్ పాసింజర్‌లో మామూలు బోగీలోనే వెళ్లాం. కిటికీ పక్క సీటు అత్తయ్యకు ఇచ్చాం. పాప వచ్చి ఒళ్లో కూర్చుంది. ఈ లైను 1960ల్లో ఛత్తీస్‌గఢ్ వైపున్న బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి వేసింది. ఎదురుగా ఖనిజం నింపుకున్న గూడ్సు బళ్లు వరసగా దిగుతుంటే అత్తయ్య ప్రతిదానికీ పెట్టెలు లెక్కపెట్టారు. "మీ మామగారు చెప్పేవారు, ఈ ఎర్రమట్టంతా ఓడల్లోకే వెళ్తుందని. ఎక్కణ్ణుంచి వస్తుందో ఇవాళ చూస్తున్నాను" అన్నారు. బొడ్డవర దాటాక కొండ మొదలైంది. తర్వాత ఒకదాని వెనక ఒకటి సొరంగాలు. ప్రతి సొరంగంలోనూ బోగీలో పిల్లలంతా గట్టిగా అరిచారు, మా పాప ఇరవై మూడు దాకా లెక్కపెట్టి నిద్రపోయింది. శిమిలిగూడ స్టేషన్ బోర్డు మీద ఎత్తు 996 మీటర్లని ఉంటుంది. ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో అదే అన్నిటికన్నా ఎత్తు. అక్కడ రైలు ఆగినప్పుడు అత్తయ్య కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "గాలి చల్లగా ఉంది, పిల్లాడి చెవులు కప్పమ్మా" అన్నారు. ముఖం మాత్రం లోపలికి తీసుకోలేదు.

లాడ్జి యాప్‌లో బుక్ చేశాం. శనివారం రాత్రికి 4,200 రూపాయలు, ముందే కట్టేశాం. ముగ్గురు పెద్దలు, ఐదేళ్ల పాప ఒకరు, నెలల బిడ్డ ఒకరు అని వివరంగా రాసి మరీ బుక్ చేశాం. ఫొటోల్లో కిటికీ నిండా పచ్చటి లోయ. స్టేషన్‌కు 600 మీటర్ల దూరమని ఉంది. ఆటో ఎక్కితే మూడు కిలోమీటర్లకు తక్కువ లేదు, 250 తీసుకున్నాడు. అతని తప్పేం లేదు, దూరం అంత ఉంది మరి.

కౌంటర్లో కుర్రాడు మమ్మల్ని తల నుంచి కాలిదాకా లెక్కపెట్టి, "సార్, గది ఇద్దరికే. మూడో పెద్దావిడకు పరుపు 700, పాపకు 400" అన్నాడు. మావారు ఫోన్లో బుకింగ్ చూపించారు. "యాప్‌లో ఏముందో మాకు తెలీదు సార్, ఇక్కడ రూల్ ఇది." మావారు గొడవలకు దూరం, పోనీలే ఇచ్చేద్దాం అనే రకం. నేను మాత్రం, ముందే డబ్బు తీసుకుని గుమ్మంలో రూల్ మారుస్తారా అని అడిగాను. మేనేజర్ లోపల్నుంచి వచ్చి, "ఇష్టం లేకపోతే క్యాన్సిల్ చేసుకోండి మేడమ్, డబ్బు మాత్రం వెనక్కి రాదు. ఇవాళ అరకులో ఇంకెక్కడా గది దొరకదు" అన్నాడు. దొరకదని అతనికి తెలుసు, మాకూ తెలుసు. ఆ ధైర్యంతోనే అన్నాడు.

చిన్నోడు ఆకలికి ఏడుపు మొదలెట్టాడు. అత్తయ్య నా భుజం మీద చెయ్యి వేసి, "వద్దమ్మా, నాకు పరుపెందుకు, దుప్పటి పరుచుకుని కింద పడుకుంటాను. పిల్లాడికి ముందు పాలు పట్టు" అన్నారు. ఆ మాట వినగానే నాకు కోపం రెట్టింపైంది. ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత మొదటిసారి ఊరు చూడటానికి వచ్చిన మనిషి కింద పడుకుంటాననడమేమిటి? 1,100 కడతామని ఒప్పుకున్నాం.

గది కిటికీ తీస్తే ఎదురుగా పక్క బిల్డింగు జనరేటరు. లోయ ఎక్కడుందని అడిగితే పై అంతస్తు డాబా మీదికెళ్తే కనిపిస్తుందన్నారు. పరుపు సాయంత్రం వస్తుందన్నారు, రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చింది. చెమ్మ వాసన. దాని మీద కప్పుకోవడానికి ఒకటే పల్చటి దుప్పటి. ఆ రాత్రి ఫోన్లో 9 డిగ్రీలు చూపించింది. మావారూ నేనూ మా దుప్పటి అత్తయ్యకు ఇచ్చి, శాలువాలు కప్పుకున్నాం. ఆవిడ పరుపు మీద పడుకోలేదు. పాపను పక్కన వేసుకుని మంచం అంచున సర్దుకున్నారు, ఆ చెమ్మ పరుపు మీద మావారు పడుకున్నారు.

రాత్రి రెండింటికి చిన్నోడు లేచాడు. నా పాలు వాడికి ఇప్పుడు చాలడం లేదు, రాత్రిపూట పాలపొడి కలపాలి. ఫ్లాస్కులో నీళ్లు రైల్లోనే అయిపోయాయి. మళ్లీ నింపించుకుందామని సాయంత్రం కిచెన్‌కు పంపిస్తే, తర్వాత రమ్మన్నారు. ఎనిమిదికి వెళ్తే తాళం. బాత్రూంలో గీజర్ ఉంది కానీ అది పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకానే పనిచేస్తుందట. కింద రిసెప్షన్‌లో పడుకున్న అబ్బాయిని మావారు లేపి అడిగితే, "కిచెన్ తాళం ఓనర్ దగ్గరుంది సార్" అన్నాడు పాపం. గదిలో కెటిల్ లేదు. నాలుగింటి దాకా వాడు ఏడుస్తూనే ఉన్నాడు. పక్క గదిలో వాళ్లు గోడ మీద కొట్టారు. వాణ్ని తిప్పుతూ అత్తయ్య పాడిన లాలి ఒక్కటే ఆ రాత్రి నాకు కాస్త ధైర్యం.

అయిదు దాటగానే ఇక ఆ గదిలో ఉండలేక వాణ్ని శాలువాలో చుట్టుకుని మావారూ నేనూ రోడ్డు మీదికి వచ్చేశాం. వంద అడుగులు నడిచామో లేదో, మంచులో ఒక పొయ్యి మంట కనిపించింది. రేకుల పాక, రెండు బల్లలు. ఒక పెద్దావిడ కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఉన్నారు. నేను అడగక ముందే బిడ్డ ఏడుపు విని, "ఇలా మంట దగ్గరికి రా తల్లీ" అని పీట జరిపారు. ఫ్లాస్కు తీసుకుని, లోపల వేడినీళ్లతో రెండుసార్లు కడిగి, అప్పుడు తెర్లిన నీళ్లు నింపారు. చిన్నోడు సీసా ఖాళీ చేసి అయిదు నిమిషాల్లో నిద్రపోయాడు. మావారు యాభై నోటు ఇవ్వబోతే ఆవిడకు కోపమే వచ్చింది. "నీళ్లకు డబ్బులేటి బాబూ?" అన్నారు.

అంతకు కొన్ని గంటల ముందు, డబ్బు కట్టిన చోట మాకు ఒక గ్లాసు వేడినీళ్లు దొరకలేదు. నేను అక్కడే కూర్చుని ఏడ్చేశాను.

మావారు వెళ్లి అత్తయ్యనూ పాపనూ తీసుకొచ్చారు. పాకలో పెద్దావిడ మాకు చోడి (రాగి) అంబలి పోశారు, పెద్ద గ్లాసు 15 రూపాయలు, నంజుకోవడానికి ఉల్లిపాయ, కాల్చిన ఎండుమిరపకాయ. నేను అంబలి తాగి ఎన్నేళ్లయిందో. మా అమ్మమ్మ ఇంట్లో తాగేదాన్ని. అరకు ట్రిప్పు మొత్తంలో అంత రుచైన తిండి నేను తినలేదు. మావారు మూడు గ్లాసులు తాగారు. పాప మొదట ముఖం తిప్పుకుని, కాస్త బెల్లం వేయించుకుని తాగేసింది. అయిదుగురం కడుపు నింపుకుని, టీలు కూడా తాగితే మొత్తం 130 అయింది. అత్తయ్య, ఆ పెద్దావిడ మోకాళ్ల నొప్పుల దగ్గర మొదలెట్టి, కొడుకుల ఉద్యోగాల మీదుగా, చోడి పంట దాకా గంటసేపు మాట్లాడుకున్నారు. వెళ్లిపోతున్నామని అత్తయ్య చెబితే, "మరాఠీ వాళ్లతో మాటలెలా?" అని ఆవిడ అడిగారు. "మీకు తెలుగు ఎలా వచ్చిందో అలాగే" అన్నారు అత్తయ్య. ఆ పెద్దావిడ ఇంట్లో మాట్లాడేది ఒడియా కలిసిన వాళ్ల భాష అట. ఇద్దరూ నవ్వుకున్నారు. పుణె గురించి అత్తయ్య భయపడకుండా మాట్లాడటం నేను అదే మొదటిసారి విన్నాను.

అంతలో మంచు విడింది. రోడ్డుకు అవతల వలిసె పూల చేలు, కంటికి కనిపించినంత దూరం పసుపు. నవంబరు, డిసెంబరు నెలల్లో కొండల కింద ఇవి విరగబూస్తాయి. అత్తయ్య గట్టు మీద నిలబడి చెప్పులు విప్పారు. ఎందుకత్తయ్యా అంటే, "ఊరికేనమ్మా" అన్నారు. ఒక మాట మాత్రం చెప్పాలి. ఆ పూల మధ్యలోకి దిగి ఫొటోలు తీసుకోవద్దు, అది రైతుల పంట, నూనెగింజలు. ఆ రోజు చేలోకి దిగి తొక్కుతున్నవాళ్లను చూసి బాధేసింది.

లాడ్జి బిల్లు దగ్గర ఇంకో గొడవ. పరుపు, పాప కాక, పొద్దున స్నానాలకు వేడినీళ్లు మూడు బకెట్లు 150 (గీజర్ ఆరున్నరకే చల్లబడింది), క్యాంప్‌ఫైర్ 500. క్యాంప్‌ఫైర్ ఎక్కడ వేశారో కూడా మేం చూడలేదు. ఈసారి మావారు కూడా, "అది ఇవ్వం" అన్నారు. వెనకాల నిలబడ్డ రెండు కుటుంబాల వాళ్లూ మాకూ వేశారంటూ ముందుకొచ్చారు. మేనేజర్ ఏమీ అనకుండా ముగ్గురి బిల్లుల్లోంచీ కొట్టేశాడు. మిగతా 1,250 కట్టి, రసీదు అడిగాను. లేదన్నాడు. రసీదు ఇచ్చేదాకా కదలనని కుర్చీలో కూర్చున్నాను. చివరకు తెల్లకాగితం మీద వివరంగా రాసి సంతకం చేసిచ్చాడు. మొత్తం ఆ ఒక్క రాత్రికి 5,450.

ఆ కాగితమే పనికొచ్చింది. ఇంటికొచ్చాక బుకింగ్‌లో మేం రాసిన అయిదుగురి వివరం, ఆ చీటీ ఫొటో, జనరేటరు కనిపించే కిటికీ ఫొటో, మూడూ కలిపి యాప్ వాళ్లకు ఫిర్యాదు పెట్టాను. రెండుసార్లు ఫోన్, నాలుగు మెయిళ్లు. పదకొండో రోజు పరుపు, పాప డబ్బులు 1,100 వెనక్కి వచ్చాయి. వేడినీళ్ల డబ్బు రాలేదు. కాబట్టి నోటితో గొడవపడి ఊరుకోకండి, చీటీ రాయించుకోండి. బుక్ చేసే ముందే ఫోన్ చేసి, వేడినీళ్లు ఎన్ని గంటలకు ఉంటాయి, రాత్రి పాలకు నీళ్లు కాచి ఇస్తారా, ఎంతమందికి గది, ఇవన్నీ మెసేజ్‌లో రాసి పంపమని అడగండి. పంపకపోతే ఆ చోటు వదిలేయండి. లోయ కనిపించే కిటికీ కోసం వెతకడం నేను ఇక మానేశాను. ప్రయాణంలో చిన్న కెటిల్, రెండు ఫ్లాస్కులు నా సంచిలో ఇకనుంచి ఉంటాయి.

గిరిజన మ్యూజియం, పద్మాపురం గార్డెన్స్ మామూలే, పాపకు బొమ్మరైలు నచ్చింది. తిరుగు ప్రయాణానికి కారు మాట్లాడుకున్నాం. గాలికొండ, అనంతగిరి, బొర్రా చూపించి విశాఖలో ఇంటి దగ్గర దింపడానికి 3,600. డ్రైవరు బంగారం లాంటి మనిషి. ఏ షాపు దగ్గరా బలవంతంగా ఆపలేదు, చిన్నోడికి పాలు పట్టడానికి ఆగిన ప్రతిసారీ తను దిగి దూరంగా నిలబడ్డాడు. బిడ్డకు పాలిచ్చే తల్లికి ఈ దారంతా కారు తప్ప వేరే చాటు లేదు. ఇన్ని వేలమంది వచ్చే చోట ఒక చిన్న గది కట్టడం ఎవరికీ ఎందుకు తోచలేదో అని దారంతా అనుకున్నాను. దిగేటప్పుడు అతనికి 200 ఎక్కువిచ్చాం.

అనంతగిరి దగ్గర మిరియాల తీగలు పాకిన పెద్ద చెట్ల నీడలో కాఫీ తోటలు. కాఫీ గింజ ఎర్రగా పండుతుందని అత్తయ్యకు తెలీదట. ఇన్నేళ్లూ నేనిచ్చిన పొట్లాలతో కాచారు మరి. రోడ్డు పక్కన బొంగు చికెన్ అరకిలో 350. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద కాలుస్తారు, నూనె చుక్క పడదు. శనివారం నీచు ముట్టని అత్తయ్య ఆదివారం తృప్తిగా తిన్నారు. కోతులు మా బిస్కెట్ల పొట్లం ఎత్తుకుపోయాయి, బొర్రా దగ్గర చేతిలో తినేవి ఏవీ కనిపించనీయకండి.

గుహల్లోకి మెట్లు దిగాలి, తడి, జారుడు. అత్తయ్య మోకాళ్లు చూసి మావారు, "అమ్మా, నువ్వు పైనే కూర్చో" అన్నారు. "ఇంత దూరం వచ్చి పైన కూర్చోవడానికా?" అని ఆవిడ నా చెయ్యి పట్టుకుని దిగడం మొదలెట్టారు. మెట్టు మెట్టుకూ ఆగాం, వెనకవాళ్లకు దారిచ్చాం. లోపల ఆ గుహ నోరు, పైనుంచి వేలాడే సున్నపురాయి ఊడలు, రంగురంగుల దీపాలు. బొట్టుబొట్టుగా నీరు కారుతూ వేల ఏళ్లు పేరుకున్న రాళ్లవి. గైడ్లు ఒక్కో ఆకారాన్ని చూపిస్తారు, శివపార్వతులు, ముని గడ్డం, తల్లీబిడ్డ. పాపకు మొసలి నచ్చింది. పైకప్పు కంతలోంచి ఒక ఆవు పడిపోయిందనీ, వెతుక్కుంటూ వచ్చిన కాపరికి లోపల లింగం కనిపించిందనీ కథ. ఆ ఆవు పొదుగు నుంచే గోస్తని పుట్టిందంటారు. లింగం దగ్గరికి నిటారుగా మెట్లున్నాయి. అత్తయ్య ఎక్కారు. కింద నుంచి మావారు "అమ్మా, మెల్లగా" అంటూనే ఉన్నారు. ఆవిడ దిగి వచ్చేటప్పటికి చీర కుచ్చిళ్లు తడిసి ముద్దయ్యాయి. ఆ ముఖం మాత్రం నాకు ఎప్పటికీ గుర్తుంటుంది.

ఆ రాత్రి కారులో డ్రైవరు చెప్పాడు, గుహలో చూసిన గోస్తనే తాటిపూడి రిజర్వాయరుకు వస్తుందనీ, అక్కణ్ణుంచి విశాఖకు తాగునీరు వెళ్తుందనీ. మా ఇద్దరు పిల్లల మొదటి స్నానాల్లో ఆ నీళ్లు కూడా ఉండి ఉంటాయి. చివరకు అది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. "అయితే అది కూడా చూడాలి" అన్నారు అత్తయ్య.

డిసెంబరు 28 ఆదివారం భీమిలి వెళ్లాం. కారు వద్దని అత్తయ్యే అన్నారు, సిటీ బస్సులో బీచ్ రోడ్డు మీదుగా వెళ్లాం. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, అత్తయ్యా నేనూ ఆధార్ కార్డులు చూపించి సున్నా టికెట్ తీసుకున్నాం, డబ్బులు మావారొక్కరికే. ఎర్రమట్టి దిబ్బలు దారిలోనే. 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. దిగి కాసేపు నిలబడ్డాం, ఎండ ఎక్కువగా ఉండి లోపలికి వెళ్లలేదు.

భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు చూశాం. 17వ శతాబ్దం నాటివి, పైకి కోసుగా ఉన్నాయి. ఈ ఊళ్లో మునిసిపాలిటీ 1861లోనే వచ్చింది, ఇప్పుడు చూస్తే మాత్రం ప్రశాంతంగా నిద్రపోతున్న ఊరు. అత్తయ్య పెళ్లయిన కొత్తలో మామగారు ఒక్కసారి ఇక్కడికి తీసుకొచ్చారట. లైట్‌హౌస్ దగ్గర ఆగి, "ఇక్కడే జీడిపప్పు కొనిపెట్టారు, చిన్న పొట్లం" అన్నారు. మావారు ఎప్పుడూ వినని సంగతి అది. వెంటనే వెళ్లి ఎక్కడో వెతికి జీడిపప్పు పొట్లం తెచ్చారు, 100 గ్రాములు 120. అత్తయ్య నాలుగు పలుకులు తిని మిగతావి పాప చేతిలో పెట్టారు.

సాయంత్రం గోస్తని సముద్రంలో కలిసే చోట ఇసుక మీద కూర్చున్నాం. నది అక్కడ నింపాదిగా, లోతు లేకుండా పరుచుకుని ఉంది. పడవలు గట్టుకు లాగి ఉన్నాయి. అత్తయ్య చిన్నోణ్ని ఎత్తుకుని వాడి పాదాలు ఆ నీళ్లలో ముంచారు. వాడు కాళ్లు ఆడించి ఆవిడ చీరంతా తడిపేశాడు.

"పుణెలో ఏ నది ఉందిరా?" అని అడిగారు మావారిని.

"ముళా, ముఠా అని రెండుంటాయమ్మా. ఊళ్లోనే కలిసిపోతాయి."

"అవి ఎక్కడికి వెళ్తాయి?"

మావారు ఫోన్ తీసి చూశారు. అవి భీమలో కలుస్తాయి, భీమ కృష్ణలో కలుస్తుంది. "కృష్ణ ఎక్కడికి వస్తుందో నీకు తెలుసు కదమ్మా" అన్నారు.

అత్తయ్య కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మనవైపే వస్తుందన్నమాట" అని, చిన్నోడి పాదాలు కొంగుతో తుడిచి నా చేతికిచ్చారు. చీకటి పడకముందే బస్సు దొరికింది. పాప నిద్రపోయింది. కిటికీ పక్క సీటు ఈసారి కూడా అత్తయ్యదే.